కొవ్వు గుంజ మీది ఈల

ఆ శనివారం పొద్దున్న హెర్మీనియా అనుకున్నది చిన్న పనే. సంతలో పంది మాంసం వేపుడు దుకాణం పెందలాడే కట్టేసి, చర్చి మైదానంలో యువజన దినానికి ఆటలు ఆడించి, పన్నెండేళ్లుగా తన మెడలోనే ఉన్న ఈల ఊదడం. రోజూలాగే బల్ల కింద చేరిన పసుప్పచ్చ వీధికుక్కను గరిటెతో అదిలించి, ఆ గరిటెతోనే బయలుదేరింది.

తీరా వెళితే అక్కడ యాదిరా ఉంది. గ్వాయాకిల్ నగరం నుంచి కొత్తగా వచ్చిన వ్యాయామం టీచరు. రంగు బంతులు, తాళ్లు పరిచి కూర్చుంది. పన్నెండేళ్లు హెర్మీనియా వెంట తిరిగిన కుర్రకారంతా ఆమె చుట్టూ మూగారు. హెర్మీనియాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు సాయంగా ఉంటుందని నేనే పిలిచానమ్మా," అన్నాడు ఫాదర్ ఎలోయ్.

"నేనెప్పుడన్నా సాయం అడిగానా, ఫాదర్?"

"గోనెసంచి పరుగు, చెంచాలో నిమ్మకాయ... పిల్లలకి విసుగొచ్చేసింది కదండీ," అంది యాదిరా నవ్వుతూ.

"పాతవి మీ నగరంలో పారేస్తారేమో. మేం వాడుకుంటాం."

ఫాదర్‌కు తల దిమ్మెక్కింది. హెర్మీనియా మెడలోంచి ఈల తీయించాడు. "దీన్ని మనం ఏటా కొవ్వు పూసి ఎక్కించే గుంజ చివర కట్టిస్తాను. ఎక్కి తెచ్చినవాళ్లు ఎవరి మెడలో వేస్తే ఇకనుంచి ఆటల పెత్తనం వాళ్లదే."

"ఎవరూ ఎక్కలేకపోతే?"

"నువ్వే ఉంటావు."

"అయితే కొవ్వు నేనే పూస్తాను," అంది హెర్మీనియా వెంటనే.

ఏటా గుంజకు పూసేది వాసన లేని పశువుల కొవ్వు, అదీ పలచగా. అసూయకు పలచన ఏం తెలుస్తుంది? దుకాణంలో మాంసం వేయించగా మిగిలిన పంది కొవ్వు రెండు డబ్బాలు, వెల్లుల్లి వాసనతో సహా తెప్పించి, నిచ్చెనేసుకుని మరీ పట్టించింది.

ఎక్కినవాడు ఎక్కినట్టే జారాడు. పదిమంది చొక్కాలు జిడ్డోడాయి.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట," అంది హెర్మీనియా, యాదిరాకు వినబడేట్టు.

అప్పుడు వచ్చింది పసుప్పచ్చ కుక్క. వెనక సంత కుక్కలు, వాటి వెనక రేవు కుక్కలు. అన్నీ కలిసి గుంజను నాకడం మొదలుపెట్టాయి. పసుప్పచ్చది వెనక కాళ్ల మీద లేచి, అందినంత మేరా అద్దంలా చేసింది.

"తోలండి వాటిని, ఫాదర్."

"కుక్కలు ఆడకూడదని నియమం లేదే," అన్నాడు ఫాదర్.

హెర్మీనియా గరిటె పట్టుకుని తానే ఉరికింది. కింద కారిన కొవ్వులో కాలు జారి, ఆసరాకు యాదిరాను పట్టుకుంది. ఇద్దరూ దొర్లారు. వాళ్లు లేచేలోగా పిల్లలంతా ఏకమై, కుక్కలు శుభ్రం చేసిన గుంజ మొదలు దగ్గర నిలదొక్కుకుని, భుజాల మీద భుజాలెక్కారు. పైనున్న కొవ్వు అప్పటికే జారినవాళ్ల చొక్కాలకు అంటుకుపోయింది. నయేలీ అనే బక్కపిల్ల చివరికంటా పాకి ఈల దించింది.

జిడ్డోడుతున్న ఇద్దరాడవాళ్లూ మెడలు సాచారు. నయేలీ ఇద్దరినీ చూసింది. వంగి, ఈల కుక్క మెడలో వేసింది. మైదానం దద్దరిల్లింది.

"నియమం నియమమే," అన్నాడు ఫాదర్.

సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే తువ్వాలుతో తుడుచుకున్నారు.

"అసలా కుక్కకి ఆటల గురించి ఏం తెలుసంట?" అంది హెర్మీనియా ఏడుపు గొంతుతో.

"ఈల ఊదడం కూడా రాదండీ," అంది యాదిరా కుళ్లుకుంటూ.

మర్నాడు కుక్క మళ్లీ దుకాణం బల్ల కింద చేరింది. హెర్మీనియా గరిటె ఎత్తి, మెడలో ఈల చూసి దించేసింది. పైఅధికారిని అదిలించే అలవాటు ఆమెకు లేదు.