బ్రష్షు పొడవు గడిపై మహాసంగ్రామం

మార్చి పద్నాలుగు, శుక్రవారం. రెండు ఉడికించిన గుడ్లు, ఒక పక్క మాడిన రొట్టె ఆరగించి, ఉదయభానుకిరణరంజితమైన ఆనకట్ట దిగువన, జలఘోషబధిరీకృతదిగంతరమైన విద్యుత్కేంద్రంలోకి, ముప్పై రెండేళ్లు కార్బన్‌ధూళిధూసరితహస్తుడిగా మెలిగిన ఫోర్‌మన్ రణోత్సాహంతో ప్రవేశించాడు.

సాయంత్రం ఆయన రిటైర్మెంటు. పెద్ద జనరేటరు రోటరుకు కరెంటు అందిస్తూ, రాపిడికి అరిగి మసి రాల్చే కార్బన్ బ్రష్షులను పీకేసి, వాటి బదులు ఇరుసుతోపాటే తిరిగే డయోడ్ల చక్రం బిగించారు. ఏ డయోడు చచ్చినా యంత్రం ఆపకుండానే పట్టిచ్చే దీపం మాత్రం ఆయన సొంత ఆలోచన. అన్నీ బాగుంటే పచ్చగా వెలగాలి. ఆ పచ్చదనం కళ్లారా చూసి ఇంటికి పోవాలన్నదే వీరుడి ప్రతిజ్ఞ. ఇవాళ తిప్పకపోతే పరీక్ష వచ్చే నెలకు పోతుంది. అప్పటికి ఆయన గేటు బయటివాడు.

కాని అనుమతిదుర్గద్వారపాలకుడైన రికార్డుల అధికారి, యంత్రం తిప్పే అనుమతి ఫారంలో ఒక ఖాళీ గడిపై వేలు మోపాడు: ‘బ్రష్షు పొడవు’.

“బ్రష్షులే లేవు కద సారూ!”

“లేకపోతే సున్నా వెయ్యండి.”

వేశాడు.

“సున్నానా? పన్నెండు మిల్లీమీటర్లకి తగ్గితే మిషను తిప్పకూడదని కిందే ఉంది, కనబళ్లేదా పెద్దాయనా?”

“పోనీ, పాతిక వేస్తా.”

“లేని బ్రష్షుకి పాతికా! నా ఉద్యోగం ఊడగొడతారా ఏంటి?”

అంతట సున్నాను కొట్టివేసి, కలమును ఖడ్గముగా ఝళిపించి, మధ్యాహ్నభోజనమును సైతం తృణీకరించి, నాలుగు గంటలు పోరాడి, ఆ మహారథుడు కుర్చీలో కూలబడ్డాడు.

“ముప్పై రెండేళ్లు ఆ మసి మింగాను సారూ. నా కాలర్లు రుద్ది రుద్దే మా ఆవిడ వెళ్లిపోయింది. ఇదిగో, ఇన్నాళ్లకి చేతులు తెల్లబడ్డాయి. ఇంకా ఆ బ్రష్షు నన్ను వదలదా?”

అధికారి ఆ చేతులను కాసేపు చూశాడు. సొరుగులోంచి స్కేలు తీశాడు.

“గడికి అడ్డగీత కొట్టకూడదని ఎక్కడా రాయలేదు. కొట్టండి.” వంకర పోకుండా స్కేలు రెండో కొస తనే నొక్కిపట్టాడు.

జయము! జయము! అంగుళమున్నర పొడవు గల ఆ గీత ధాటికి గడి నేలకూలింది. టర్బైను కదిలింది, చక్రం తిరిగింది, దీపం పచ్చగా వెలిగింది.

ఆరు గంటలకు ఫోర్‌మన్, మిగిలిన బ్రష్షుల పెట్టెను స్టోరుగదిలో పెట్టి, అలవాటుగా చేతులు తుడుచుకోబోయి, మసి లేదని చూసి నవ్వుకుని, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.