పక్షులకు పౌడరు రాసిందెవరు?

ఆ రోజు పొద్దున ఈకలాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చివరి కట్ట ఈకల పరీక్ష ముగించాలి, ఫలితం డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాలి, సాయంత్రం వస్తూ వస్తూ ముందుగదికి కొత్త కర్టెన్లు కొనాలి. ఇంకో రెండు రోజుల్లో పడవ వెళ్ళి ఆయన భార్యను ద్వీపం నుంచి తీసుకొస్తుంది. ఆవిడ లోపలికి అడుగుపెట్టేసరికి ఇల్లు ఇల్లులా కనబడాలని ఆయన తాపత్రయం.

భార్యాభర్తలిద్దరూ ఒకే సంస్థలో పనిచేస్తారు. నడిసముద్రంలో నరమానవుడు ఉండని రాతిద్వీపం ఒకటుంది. ఆవిడ అక్కడ గుడారం వేసుకుని, గూళ్ళు పెట్టుకునే సముద్రపు పక్షులను పట్టుకుని, ఒక్కోదాని నుంచి రెండు మూడు ఈకలు తీసి వదిలేస్తుంది. ఆ పక్షులు ఎక్కడెక్కడి నీళ్ళ మీదో తిరిగి చేపలు తిని వస్తాయి. సముద్రంలో ఎవరు ఏ పాడు పదార్థం కలిపినా అది చేపలోంచి పక్షిలోకి, పక్షిలోంచి ఈకలోకి చేరుతుంది. ఓడలు పంపి అన్ని చోట్లా నీళ్ళు తోడించే బదులు ఈకను పరీక్షిస్తే సరిపోతుంది. ఈకలు పంపడం ఆవిడ పని, వాటిని యంత్రంలో పెట్టి నిజం కక్కించడం ఈయన పని. అందుకే లాబులో అందరికీ ఆయన ఈకలాయన అయిపోయాడు.

నెలకోసారి పడవ వెళ్ళి సామాను దింపి పొట్లాలు తెస్తుంది. వారానికోసారి శాటిలైట్ ఫోను కలుస్తుంది, అదీ డైరెక్టరుగారి గదిలో, స్పీకరు మీద, అందరి ముందూ. "ఈకలు అందాయా?" అంటుంది ఆవిడ. "అందాయి" అంటాడు ఈయన. "తడవలేదు కదా?" "లేదు, పొడిగానే ఉన్నాయి." అంతే. ఆ నాలుగు ముక్కల కోసం ఈకలాయన ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవాడు.

ఆవిడ మీద బెంగ ఆయన్ను ముందు తలగడ దగ్గర పట్టుకుంది. ఆవిడ వాడే పౌడరు గులాబీరంగు డబ్బాలో అద్దం ముందే ఉండిపోయింది. ఒక చిటికెడు తలగడ మీద చల్లుకుంటే నిద్రపట్టింది. తర్వాత రెండు చిటికెలైంది. ఆపైన జేబురుమాలుకి పాకింది. మీసాలొచ్చిన మగవాడు, పైగా శాస్త్రం చదివినవాడు, ఇది ఒకరికి చెప్పుకునే సంగతా? ఎవరికీ చెప్పలేదు.

కానీ ఇల్లు కనిపెట్టుకుని ఉండటానికి వచ్చిన అత్తగారి కళ్ళు మామూలు కళ్ళు కావు.

"ఏం బాబూ, అమ్మాయి పౌడరు డబ్బా అడుగంటింది. అది వెళ్ళేటప్పుడు నిండుగా ఉందే?" అని ఆ పొద్దున అడగనే అడిగారు.

"ఎలకలేమో అత్తయ్యగారూ."

"ఎలకలు పౌడరు రాసుకోవడం నేనెక్కడా వినలేదు."

ఈకలాయన వినబడనట్టు చెప్పులు తొడుక్కుని బయటపడ్డాడు. వీధి మలుపులో లాండ్రీవాడు నమస్కారం పెడితే ముఖం అటు తిప్పుకున్నాడు. ఆవిడ ద్వీపానికి వెళ్ళిన వారంలోనే ఈయన ఎర్ర నైలాను స్వెట్టరు మాయమైంది. లాండ్రీవాడే పోగొట్టాడని అప్పట్లో నడివీధిలో పెద్ద రభస చేసి, అప్పటి నుంచి తన బట్టలు తానే ఉతుక్కుంటున్నాడు.

లాబులో ఆయన పద్ధతి ఎవరూ వేలెత్తి చూపలేనిది. ముందు ఏమీ వేయని ఖాళీ సీసాను యంత్రంలో పెడతాడు. దాన్ని బ్లాంకు అంటారు. బ్లాంకులో ఏమీ రాకపోతే లాబు శుభ్రంగా ఉన్నట్టు. ఆ రోజు బ్లాంకు అద్దంలా వచ్చింది. తర్వాత పొట్లాలు తీశాడు. విప్పేముందు ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆయనకు అలవాటు, మడత పెట్టింది ఆవిడ చేతులు కదా. ఎన్నడూ చేప కంపు తప్ప మరేమీ తగల్లేదు, అయినా మానుకోలేదు. ఈసారి పొట్లాలు రేవులో ఎండకు మగ్గి, విప్పగానే కళ్ళు తిరిగేంత కంపు కొట్టాయి. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు బిగించి కట్టుకుని, సీసాల మీదికి వంగి ఈకలు కత్తిరించి వేశాడు.

గంట తర్వాత ఫలితం చూసి డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు.

"ఏమయ్యా, ఏంటిది?"

"కస్తూరండి. అంటే అసలు కస్తూరి కాదు, సబ్బుల్లో సెంట్లలో వాసన కోసం కలిపే రసాయనం. సముద్రంలో పడితే ఓ పట్టాన పోదండి, చేపల్లో చేరిపోతుంది."

"మనిషే లేనిచోట సెంటు పోసిందెవరయ్యా?"

"అదే అర్థం కావట్లేదండి."

"బ్లాంకు చూశావా?"

"చూశానండి. ఏమీ లేదు."

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు. కంపు మళ్ళీ కొట్టింది, రుమాలు మళ్ళీ ముక్కెక్కింది, కస్తూరి ముందుకన్నా ఎక్కువ వచ్చింది.

డైరెక్టరుగారు సర్వీసంతా ఒక్క పెద్ద సంగతి కనిపెట్టాలని ఎదురుచూసి, రిటైరయ్యే ముందు ఆశ వదులుకున్న మనిషి. ఇక ఆయన్ను పట్టేవాళ్ళు లేరు. మొదటి ఫోనులో సెంటు సామాను ఓడ ఏదో మునిగి ఉండొచ్చన్నారు. రెండో ఫోనులో మునిగిందన్నారు. మూడో ఫోనుకి ఓడ ఎంత పొడవో చెప్పేశారు. నాలుగో ఫోను పత్రికలవాళ్ళకి. మర్నాడు మధ్యాహ్నం మీటింగు పెట్టించి, ఈకలాయన భుజం తట్టారు.

"మీ ఆవిడ ఇప్పుడు రావడానికి వీల్లేదయ్యా. ఎల్లుండి పడవలో కొత్త సీసాలు పంపుదాం. అక్కడే ఉండి ప్రతి పక్షినీ మళ్ళీ చూడాలి. ఎంత అదృష్టం!"

ఎల్లుండి పడవే ఆఖరిది. ఆ తర్వాత సముద్రం పొంగుతుంది, మళ్ళీ నెమ్మదించేదాకా నెలల తరబడి ఆ ద్వీపం వైపు ఎవరూ తొంగిచూడరు.

"అయ్యా, కర్టెన్లు..." అన్నాడు ఈకలాయన.

"కర్టెన్లేంటయ్యా?"

"ఏం లేదండి."

మర్నాడు పొద్దున అత్తగారు ఒక చేత్తో పత్రిక, ఇంకో చేత్తో పౌడరు డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"చూశారా? పక్షులు సెంటు వాసన కొడుతున్నాయని మా అమ్మాయిని అక్కడే ఉంచేస్తారట. దాని ఖర్మ అలా ఉంది. ఇక్కడ మీ సంగతి ఇలా ఉంది. ఇవాళ తేల్చండి బాబూ. ఈ డబ్బా ఎవరి ముఖానికి పోస్తున్నారు?"

"ఎవరికీ లేదు అత్తయ్యగారూ. నేనే, కాస్త రుమాలుకి..."

అని ఆగిపోయాడు. రుమాలు ముక్కుకి. ముక్కు సీసా మీదికి. బ్లాంకు పెట్టినప్పుడు కంపు లేదు, కట్టుకోలేదు.

"రుమాలు ఎవరికిచ్చారు? ఎవరావిడ?"

ఈకలాయన జేబులోంచి రుమాలు తీసి దానికేసి చూశాడు.

"పక్షులకి రాశాను అత్తయ్యగారూ," అన్నాడు.

అత్తగారు పత్రిక పక్కన పడేసి, అల్లుడి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

ఈకలాయన లాబుకి పరుగున వెళ్ళి, రుమాలు కట్టుకుని ఖాళీ సీసా మీదికి వంగి, దాన్ని యంత్రంలో పెట్టాడు. కస్తూరి గుప్పుమంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఉద్యోగం నిలుస్తుంది, డైరెక్టరుగారికి దండలు పడతాయి. ఆవిడ మాత్రం రాదు. ఈకలాయన పెద్దగా ఆలోచించలేదు, తిన్నగా మీటింగు గదిలోకి నడిచాడు.

"ఓడ మునగలేదండి," అన్నాడు అందరి ముందూ. "అది నా రుమాలుకున్న పౌడరండి."

పత్రికలవాళ్ళ కలాలు ఆగిపోయాయి.

"రుమాలుకి పౌడరు రాశావా?" అన్నారు డైరెక్టరుగారు.

"రాశానండి."

"ఎందుకయ్యా? చేప వాసనకా?"

"అదీ ఉందండి." ఈకలాయన తల దించుకున్నాడు. "అది మా ఆవిడ పౌడరండి. ఆవిడ లేకపోతే ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు. వాసనైనా దగ్గరుంటుందని."

ఎవరో నవ్వబోయి, పక్కవాళ్ళ ముఖాలు చూసి మానుకున్నారు. డైరెక్టరుగారు నీళ్ళు తాగి, మునిగిపోతున్న తన పరువుకి ఏదైనా గడ్డిపోచ దొరుకుతుందేమోనని గోడ మీద తెర వైపు తిరిగారు.

"సరే, కస్తూరి పోయింది. ఎర్ర పోగులు ఉన్నాయి కదా! సీజనంతా ఈకలకు అంటుకుని వస్తున్నాయి. మైక్రోస్కోపు విభాగం వాళ్ళు వేడి సూదితో ముట్టిస్తే కరిగాయి, అంటే ప్లాస్టిక్కు. ఎవరో చేపల వలలు పారేస్తున్నారు. ఇదిగో బొమ్మ!"

ఆ బొమ్మ ఈకలాయన అంతకుముందు చూడలేదు. మనిషంత పెద్దదిగా కనబడింది ఎర్ర పోగు, దానికి మెలికపడి ఆవపిండి రంగు పోగు ఇంకొకటి. ఆ రెండు రంగులూ కలిసి ఈ భూమ్మీద ఒక్కచోటే ఉన్నాయని ఆయనకు తెలుసు.

"అయ్యా, ఒక్కసారి ద్వీపానికి ఫోను కలిపి, ఆవిడ ఏం వేసుకుంటోందో అడగండి," అన్నాడు.

కలిపారు. అలల హోరు, పక్షుల గోల, వాటి మధ్య ఆవిడ గొంతు.

"అమ్మా, పక్షుల్ని పట్టుకునేటప్పుడు ఏం వేసుకుంటున్నారు?" అని అడిగారు డైరెక్టరుగారు.

"ఆఫీసు కోటేనండి."

"దాని మీద?"

కాసేపు పక్షులే మాట్లాడాయి.

"స్వెట్టరండి. చలికి."

"ఈ ఎండల్లోనా! ఏం రంగు?"

"ఎర్రదండి, చేతుల మీద ఆవపిండి రంగు చారలు. మా ఆయనది. వచ్చేటప్పుడు చెప్పకుండా పెట్టెలో పెట్టుకున్నాను." గొంతు తగ్గింది. "వేసుకుంటే ఆయన పక్కనున్నట్టు ఉంటుందండి. మీరు మాత్రం ఆయనకు చెప్పకండి. పాపం, లాండ్రీవాడు పోగొట్టాడనుకుంటున్నారని అమ్మ ఉత్తరం రాసింది."

"వింటున్నాను," అన్నాడు ఈకలాయన.

"ఏమండీ... అక్కడే ఉన్నారా?"

ఉన్నాడు. చెప్పాల్సింది నెలల తరబడి పోగుపడి ఉంది.

"ఈకలు అందాయి," అన్నాడు.

"తడవలేదు కదా?" అంది ఆవిడ, ముక్కు ఎగబీలుస్తూ.

డైరెక్టరుగారు ఫోను పెట్టేశారు. కోపంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సీజనంతా నీళ్ళపాలు చేశారు ఇద్దరూ కలిసి! ఒక్క ఈక పనికిరాదు. అన్నీ మొదటి నుంచీ తీయాల్సిందే. ఆవిడ వచ్చే ప్రసక్తే లేదు!"

ఈకలాయన గోడకు ఆనుకున్నాడు. ఇంత చెప్పుకుని, పరువంతా పోగొట్టుకుని, ఆవిడను తెచ్చుకోలేకపోయాడు.

"ఇంకో మాట," అన్నారు డైరెక్టరుగారు. "మీరు చెరో ఒడ్డునా ఉన్నంతకాలం నాకు శుభ్రమైన ఈక రాదు. రేపటి పడవలో నువ్వు కూడా పో. సముద్రం నెమ్మదించేదాకా ఇద్దరూ అక్కడే పడి ఉండండి. ఇది శిక్ష, గుర్తుంచుకో. రుమాలు తీసుకెళ్ళావంటే ఊరుకోను. ఆ స్వెట్టరుని పెట్టెలో పెట్టి తాళం వేయించు!"

శిక్ష పడిన మనిషి ఈల వేస్తూ బట్టలు సర్దుకోవడం అత్తగారు తన జన్మలో చూడలేదు. ఆవిడ కూడా తన సొంతింటికి వెళ్ళిపోవడానికి సంచి సర్దుకుంటూ, "మరి పౌడరు పెట్టనా బాబూ?" అని అడిగారు.

"వద్దు అత్తయ్యగారూ. అవసరం ఉండదు."

అత్తగారు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

సముద్రం నెమ్మదించాక వచ్చిన ఈకల్లో కస్తూరి లేదు, ఎర్ర పోగు లేదు. ఆ గోలంతా తప్పుకున్నాక, ఎక్కడి పొలాల నుంచో కొట్టుకొచ్చిన పురుగుల మందు జాడ మాత్రం సన్నగా, స్పష్టంగా కనబడింది. డైరెక్టరుగారు ఎదురుచూసిన పెద్ద సంగతి అదే. దండలు నిజంగానే పడ్డాయి. ఆ ఈకలు తెచ్చిన పడవలోనే భార్యాభర్తలిద్దరూ నల్లగా మాడి, చేప కంపు కొడుతూ, ఒకరి సంచి ఒకరు మోసుకుంటూ దిగారు.

లాండ్రీవాడికి మాత్రం ఇంతవరకూ ఎవరూ క్షమాపణ చెప్పలేదు.