రసాల మీద పడిన నింద

తమ్మిలేరు పొంగి తోటల్లో మోకాటిలోతు నీళ్లు నిలిచిన ఏటికి మరుసటి ఏడు అది. సారా తాగినా, కాచినా జైల్లో వేసే రోజులు. రెడ్డిగూడెం దగ్గర పాండురంగారావు షావుకారు మామిడితోటకు పోతురాజు కాపలాదారు. కాయలు కోసేదీ అతనే. ఆ పొద్దు ఎండెక్కకముందే తొలి కోత ముగించాలనుకుని చెట్టెక్కాడు. రెండో పంగ దగ్గర పొట్ట ఇరుక్కుంది. పైకి పోలేడు, కిందికి రాలేడు. నలుగురు కూలీలు కాళ్లు పట్టుకుని లాగితే మొలతాడు తెగింది, మనిషి ఊడిపడ్డాడు.

షావుకారు కంగారుపడ్డాడు. కాయకు దెబ్బ తగలకుండా దించే చెయ్యి చుట్టుపక్కల మరొకటి లేదు. తానే బండి కట్టించి, పోతురాజునూ అతని భార్య రమణమ్మనూ నూజివీడులో డాక్టర్ క్రీస్తుదాసు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు కుడి డొక్క కింద వేళ్లు పెట్టి నొక్కాడు.

"కాలేయం పెరిగింది. అందులో కొవ్వు పట్టినట్టుంది."

"కార్జంలో కొవ్వా? మేకకి కూడా ఉండదు గదండీ!" అన్నాడు పోతురాజు.

"మేక తాగదు గదయ్యా. సారా లోపలికెళ్లిందంటే కాలేయం అన్ని పనులూ ఆపి ముందు దాని సంగతే చూస్తుంది. ఉన్న కొవ్వు ఖర్చుకాదు. అది చాలక ఆ సారాలోంచే కొత్త కొవ్వు తయారుచేసి తనలోనే దాచుకుంటుంది. నిజం చెప్పు, తాగుతావా?"

ఎడమపక్క రమణమ్మ. కుడిపక్క షావుకారు. తాగేవాణ్ణి తోటలో అడుగు పెట్టనివ్వనని పనిలో పెట్టుకున్ననాడే చెప్పిన మనిషి. రోజూ సాయంత్రం అదే తోటలో ముంతెడు పట్టించి, మామిడాకు నమిలి ఇంటికెళ్లే పోతురాజు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మతోడండీ. దాని రంగు కూడా ఎరగను."

"అయితే తిండి వల్లే," అని డాక్టరు నెయ్యి, నూనె, మాంసం మానిపించాడు.

రమణమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. పొద్దున గంజి, రాత్రి గంజి, నడుమ ఉప్పేసి ఉడకబెట్టిన సొరకాయ. పదో రోజుకు పోతురాజుకు బతుకు మీద విరక్తి పుట్టింది. ఆ విరక్తిలో ఒక ముంత రెండు ముంతలైంది.

నెల తిరిగేసరికి కాలేయం ఇంకా పెరిగి డొక్క కిందికి మరో రెండు వేళ్ల మందం దిగింది. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

"ఏం పెడుతున్నావమ్మా ఈయనకి?"

"గంజేనండీ. తాలింపు కూడా వెయ్యట్లేదు."

"ఇంకేమీ తినడా?"

"తోటలో ఉంటాడు గదండీ, పళ్లు తింటాడేమో," అంది రమణమ్మ.

పోతురాజుకు దారి దొరికింది. "తింటానండీ. రోజుకి ముప్ఫయ్యో నలభయ్యో," అన్నాడు.

డాక్టరు పుస్తకంలో మామిడి అని రాసుకుని కింద గీత గీశాడు. మరో వారానికి బెజవాడ నుంచి ఇద్దరు పెద్ద డాక్టర్లు వచ్చారు. పోతురాజును బల్ల మీద పడుకోబెట్టి వంతులవారీగా నొక్కారు. ఇంగ్లీషులో పోట్లాడుకున్నారు. బయట బెంచీ మీదివాళ్లకు అందులో 'మ్యాంగో' ఒక్కటే తెలిసింది. అది చాలింది.

మూడో రోజుకు ఆ మాట విస్సన్నపేట దాకా పాకింది. రసాలు తింటే కార్జానికి కొవ్వు పడుతుందట! కొనడానికి వచ్చిన బండ్లు ఖాళీగా తిరిగిపోయాయి. షావుకారు పాకలో గడ్డి మధ్య మాగేసిన పళ్లు మగ్గి, మెత్తబడి, ఈగలకు విందయ్యాయి. షావుకారు పరుగెత్తుకుంటూ తోటకొచ్చి పోతురాజు చేతులు పట్టుకున్నాడు.

"ఒరే పోతురాజూ, నిజం చెప్పరా. నువ్వు తాగుతావు గదూ?"

"ఎంత మాటండీ! తాగితే పన్లోంచి తీసేస్తానన్నారు గదా."

"తాగకపోతే తీసేస్తానిప్పుడు! తాగుతానని నలుగుర్లో చెప్పు నాయనా. కేసైతే నేను చూసుకుంటాను."

పని నిలవాలంటే తాగుబోతు కాక తప్పేట్టు లేదు. మర్నాడు డాక్టరు వరండాలో, బేరగాళ్ల ముందు, పోతురాజు తల వంచుకుని ఒప్పుకున్నాడు. ఉన్నమాట చెప్పడం అతనికి అలవాటు లేక మాటమాటకీ షావుకారు వైపు చూశాడు.

"పాపం, షావుకారు ఎంత బెదిరించాడో!" అన్నాడొక బేరగాడు.

"ఛీ, నోరు కడుక్కో!" అని రమణమ్మ మొగుడి మీదికి లేచింది. "ఇరవయ్యేళ్ల కాపురం, నాకు తెలవదా? ఈయనకి దగ్గుమందు తాగినా కళ్లు తిరుగుతాయండీ!"

"సాక్ష్యం ఉందా?" అన్నాడు డాక్టరు.

ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరు రాఘవయ్య కూడా ఈ సంగతి విని దిగాడు. అందరూ తోటకు వెళ్లారు. పోతురాజు పాకలో గడ్డి తొలగించి కుండ బయటపెట్టాడు.

"చూశారా!" అని షావుకారు చంకలు గుద్దుకున్నాడు. "మా రసాల తప్పేం లేదు!"

"తోట ఎవరిది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాదేనండీ."

"పాక?"

"అదీ నాదే."

"అయితే పదండి. తాగినవాడికి నెలలు, కాచుకోడానికి చోటిచ్చినవాడికి ఏళ్లు."

షావుకారు మొహంలో నెత్తురు లేదు. "సారా ఏంటండీ!" అని కేకపెట్టాడు. "పళ్లరసం పులిసిందండీ అది! వీడు చుక్క ముట్టడు. దేవుడిలాంటి మనిషి. వీడి రోగం అంతా నా మామిడిపళ్ల వల్లే! ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను!"

ఇన్‌స్పెక్టరు కుండలోంచి దోసెడు తీసి రుచి చూశాడు. సందేహం తీరక ఇంకోసారి చూశాడు. మూడోసారికి తీరింది.

"పళ్లరసమే. కుండ మాత్రం పరీక్షకి నేను తీసుకెళ్తాను."

డాక్టరు చాలాసేపటి నుంచి ఇన్‌స్పెక్టరు పొట్టకేసే చూస్తున్నాడు. "తమరూ మామిడిపళ్లు ఎక్కువ తింటారాండీ?"

"ఎక్కువేనండీ," అన్నాడు రాఘవయ్య మూతి తుడుచుకుంటూ. "సీజన్ అని కూడా చూడను."

షావుకారు గెలిచి, పళ్లన్నీ పెంటకుప్పకు తోలించాడు. పోతురాజు పని నిలిచింది, పరువు పెరిగింది.

మర్నాడు పొద్దున్నే అతను రమణమ్మ చేతిలో చెయ్యేసి, ఇక జన్మలో మామిడిపండు ముట్టనని ఒట్టు పెట్టాడు.