మూడోదాంతో తెంపేస్తా

శనివారం పొద్దున్నే ఫుసాఎ బామ్మ జిగురు బియ్యం, ఎర్ర గింజలు కొలిచి విడివిడిగా పెట్టుకుంది. శుభకార్యాలకు వండే ఎర్రన్నానికి అవి. మర్నాడు మనవరాలు మిజుహో, చాపల దుకాణం ఒకుబో వాళ్ళబ్బాయి నోరిమసను మూడోసారి కలవబోతోంది. పెళ్ళిచూపుల్లో మూడోసారి అంటే మాటలు కాదు, సంబంధం ఖాయమైనట్టే. ముప్ఫై రెండేళ్ళు వచ్చిన మిజుహో ఇంతవరకు ఎవరినీ రెండోసారి దాటనివ్వలేదు మరి.

బామ్మకు తెలియని సంగతి ఒకటుంది. మూడు నెలలకోసారి టీవీలో నలభై, యాభై కొత్త అనిమేలు, అంటే బొమ్మల సీరియళ్ళు, మొదలవుతాయి. అన్నీ చూడాలంటే ఉద్యోగం మానుకోవాల్సిందే. అందుకని మిజుహో దేనికైనా మూడు భాగాలే గడువిస్తుంది. అప్పటికీ నచ్చకపోతే తెంపేస్తుంది. అలా చూసేవాళ్ళంతా వాడే మాటే అది.

వరండాలోంచి మిజుహో స్నేహితురాలితో ఫోనులో అంటున్న మాటలు వంటింట్లోకి వినిపించాయి.

"మొదటిసారి బాగానే ఉన్నాడనిపించిందే, కానాఎ. గొంతు బాగుంది. రెండోసారి మాత్రం చూస్తూ చూస్తూ నిద్రపోయాను. ఎంతసేపూ టీ తాగుతూ కూర్చుంటాడు, కదలడు, మెదలడు. రేపు మూడోది చూస్తాను. అదీ ఇంతే అయితే తెంపేస్తా. లైన్లో ఇంకా బోలెడున్నాయి."

బామ్మ బియ్యాన్ని మళ్ళీ డబ్బాలో పోసేసి, సంబంధం తెచ్చిన కురామొచి గారింటికి చెప్పులు తారుమారుగా వేసుకుని పరుగెత్తింది.

"నిద్రపోయిందా? ఎదురుగా కూర్చునా?" అన్నారు కురామొచి గారు.

"కళ్ళు తెరిచే నిద్రపోయి ఉంటుందండీ. వాళ్ళ తాతయ్యకూ వచ్చు ఆ విద్య. పైగా ఇంకో ఆరు సంబంధాలు లైన్లో ఉన్నాయట!"

కురామొచి గారు క్షణం ఆలోచించారు. కాదనిపించుకోవడం కంటే ముందే కాదనడం మగపిల్లవాడి వాళ్ళకు మర్యాద. ఆ మాటే ఫోన్లో ఒకుబో గారి భార్య చెవిన వేశారు. ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళేసరికి ఆరు సంబంధాలు పదకొండయ్యాయి.

మధ్యాహ్నానికల్లా నోరిమస సైకిలు మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చాపలు కుట్టే జానెడు సూది ఇంకా అతని ఏప్రన్‌కు గుచ్చే ఉంది.

"మిజుహో గారూ, రేపు నేను టీ తాగను. మంచినీళ్ళు కూడా తాగను."

"ఎందుకండీ?"

"మీకు నిద్ర తెప్పించింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఆ పదకొండు మందిలో నాకంటే కబుర్లు బాగా చెప్పేవాళ్ళు ఉండొచ్చు. కానీ మూడోది చూడకుండా తెంపెయ్యకండి. నేను... నాలుగోది, ఐదోది కూడా అనుకుంటూ వచ్చాను."

మూడోది. తెంపెయ్యడం. మిజుహో మెల్లగా తలుపు వెనక్కి చూసింది.

"బామ్మా! నేను చెప్పింది నక్క గురించి! 'ఉప్పుదీవి నక్క'. అనిమేలో హీరో!"

బామ్మ తలుపు చాటునుంచి సగం బయటికి వచ్చింది. "నక్క టీ తాగడమేమిటే?"

నోరిమస మొహంలో సిగ్గు పోయి కోపం వచ్చింది. "ఉప్పుదీవి నక్కనా మీరు తెంపేసేది? అసలు కథ నాలుగో భాగంలో కదండీ మొదలయ్యేది! నేను దాని బొమ్మల పుస్తకం ఎప్పుడో చదివేశాను."

"మూడంటే మూడే. అది నా పద్ధతి."

"అదేం పద్ధతండీ! అన్యాయం!"

"బాబూ," అంది బామ్మ చేతులు జోడించి, "ఆ నక్క ఎటు పోతే మనకెందుకు? మీరిద్దరూ పోట్లాడుకోకండి."

తగువు తేలాలంటే మూడో భాగం చూడాలి. అది ముందురోజే వచ్చేసింది, మిజుహోయే ఆదివారం చూద్దామని దాచుకుంది. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. నక్క టీ తాగింది. మళ్ళీ తాగింది. సగం కాకముందే మిజుహో నిద్రపోయి నోరిమస భుజం మీదికి ఒరిగింది. అతను చివరి పాట అయిపోయి ప్రకటనలు వచ్చేదాకా కదల్లేదు, మెదల్లేదు. బామ్మ చప్పుడు కాకుండా లేచి వెళ్ళి బియ్యం నానబోసింది.

తిరిగి వచ్చేసరికి మిజుహో కళ్ళు నులుముకుంటోంది.

"నాలుగోది ఎప్పుడు?"

"వచ్చే శుక్రవారం," అన్నాడు నోరిమస.

"అయితే శుక్రవారం రండి. మీరు లేకుండా చూడను."

అంతలో ఫోను మోగింది. కురామొచి గారి గొంతులో విజయగర్వం.

"గండం గడిచింది ఫుసాఎ గారూ! వాళ్ళమ్మగారే వద్దనేశారు. మూడోసారి కలవడం ఇక లేనట్టే."

"మూడోది అయిపోయిందండీ," అంది బామ్మ. "నాలుగోది శుక్రవారం."