కారు మెదడు తీసిన వైనం

దేశంలోని కార్లకు మెదడు తీసేస్తే తప్ప మనుషుల మెదళ్లకు స్వాతంత్ర్యం రాదని సింహాద్రిగారు భిలాయి తెలుగువారి సభలో ప్రకటించారు. ఆ ప్రకటన హిందీలో మొదలై, తెలుగులో తడబడి, మళ్లీ హిందీలో క్షేమంగా ముగిసింది.

సింహాద్రిగారు అధికార పార్టీ సాంకేతిక స్వావలంబన విభాగానికి జిల్లా అధ్యక్షులు. ఆ విభాగంలో అప్పటికి ఆయన తప్ప ఇంకెవరూ లేరు. అంతకు ముందు వారం మంత్రిగారికి స్వాగతం చెప్పడానికి వెళ్తుంటే దారిలో ఇంజను దీపం వెలిగి ఆయన కారు ఆగిపోయింది. మంత్రిగారి మెడలో ఆయన వేయాల్సిన దండ కాస్తా ప్రత్యర్థి వర్గం వాళ్లు వేసేశారు. కారులోని కంప్యూటరు వాళ్లకు అమ్ముడుపోయిందని సింహాద్రిగారు తేల్చారు.

"అంకుల్, మీరు ఇంజనీరు కదా. ఫ్యూయల్ ఇంజెక్షన్ అంటే ఏటి?" అని అందరి ముందూ నన్నడిగారు.

నేను ఇక్కడి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాల మిల్లులో పనిచేసి, డిప్యూటీ జనరల్ మేనేజరుగా రిటైరైనవాణ్ణి. పట్టాల గురించి నాకు తెలుసు. కార్ల గురించి, వాటి తలుపులు ఎటు తెరుచుకుంటాయో తెలుసు. కానీ ఇంజనీరు కదా అని ఎవరైనా అంటే ఆగగలిగే గుణం నాలో ఏనాడూ లేదు.

"ఇంజనుకి ఎంత పెట్రోలు కావాలో కంప్యూటరే నిర్ణయించి, సూదిమందులా ఎక్కిస్తుంది," అన్నాను. "పూర్వం కార్బురేటర్ ఉండేది. ఇంజను గాలి పీలిస్తే పెట్రోలు దానంతటదే వచ్చేది. మధ్యలో ఎవరి పెత్తనమూ లేదు."

"బస్! అదే డెమోక్రసీ!" అని సింహాద్రిగారు లేచి నాకు శాలువా కప్పి, ముఖ్య సంయోజకుడిగా నియమించారు.

"కంప్యూటరు తీసి కార్బురేటర్ పెట్టడం మీ కారుతోనే మొదలుపెడదామా?" అన్నాను.

"లీడర్ కారు పబ్లిక్ ప్రాపర్టీ అంకుల్. దాంతో ఖేల్ ఆడకూడదు. మీది ప్రైవేటు కదా."

సరేనన్నాను. శాలువా మెత్తగా ఉంది.

కారు నా పేరు మీద ఉన్నా, నడిపేది నా భార్య కనకలత. పక్క క్వార్టరు గున్నమ్మగారిని మోకాళ్లకు కరెంటు పెట్టించడానికి వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఆవిడ ఆటో ఎక్కలేరు.

"ఏవండీ, చక్కగా నడుస్తున్న బండి. దాన్నేం చేస్తారు?" అంది కనకలత.

"బాగు చేస్తాం."

గున్నమ్మగారు గోడ అవతలి నుంచి అడిగారు. "కారుకి ఇంజెక్సనేటి బాబూ? దానికేటి జబ్బు?"

"ఇకమీదట ఇంజెక్షన్ అక్కర్లేదండీ."

"అయితే తగ్గిపోనాదన్నమాట," అని ఆవిడ సంతోషించారు.

సుపేలా పేటలో మెకానిక్ బలరాం షెడ్డుకి కారు తోలుకెళ్లాను. బలరాం జీవితంలో ఏ పనికీ 'నహీ' అనలేదు. అందుకే అతని షెడ్డులో నడిచే బండి ఒక్కటీ కనిపించదు. ఒక పాత వ్యాను నుంచి కార్బురేటర్ ఊడదీసుకొచ్చాడు. దాని కన్నాలు మా ఇంజను కన్నాలతో కలవలేదు. మధ్యలో బిగించే ఇనప పలకను నేనే స్వయంగా డిజైన్ చేశాను. పట్టాల అలవాటు కొద్దీ పలక కాస్త మందంగా వచ్చింది. బానెట్ మూసుకోకపోతే దానికి కిటికీ కోశాం.

కంప్యూటరు పీకేశాక ఇంజను ఉలకలేదు, పలకలేదు.

"నిప్పురవ్వ కూడా అదే పెడతాది సర్‌జీ," అన్నాడు బలరాం.

సింహాద్రిగారు వచ్చి, కాసేపు ఆలోచించి, కంప్యూటరుకు తీగలు మళ్లీ తగిలించి, ఎర్రగుడ్డలో చుట్టించి డ్రైవరు సీటు కింద పెట్టించారు. "ఇక దాన్ని కంప్యూటర్ అనకండి. సలహాదారు అనండి. పేరుండదు, పైకి కనబడదు, పని మాత్రం అదే చేస్తాది. సర్కారులో ఇది నార్మల్."

ట్యాంకులోని పాత పంపు పెట్రోలును మరీ జోరుగా తోస్తుంటే, గొట్టానికి నేనొక క్లిప్పు బిగించాను. "వాహ్ సర్‌జీ!" అన్నాడు బలరాం. నా సర్వీసులో జనరల్ మేనేజర్లు కూడా నన్ను అంతలా మెచ్చుకోలేదు.

రాయ్‌పూర్‌లో మంత్రిగారు మా కారులో ఊరేగాలని ఏర్పాటు. జెండాలతో బయల్దేరాం. దారిలో భిలాయి-3 అనే ఊరి బస్టాపు మా నల్లటి పొగలో కాసేపు కనబడకుండా పోయింది. "పాత పాలన పొగ అంకుల్, బయటికి పోతోంది," అన్నారు సింహాద్రిగారు దగ్గుతూ.

కుమ్హారి ఊరు దాటకముందే నా క్లిప్పు ఊడింది. పెట్రోలు పొంగింది. కారు ఆగింది. ఎండలో అందరం దిగి తోస్తున్నాం. రాయ్‌పూర్‌లో మా కోసం చూసి చూసి విసుగెత్తిన మంత్రిగారు, భిలాయిలో పర్యావరణ వారోత్సవం ప్రారంభించడానికి ఎదురుగా వస్తూ మమ్మల్ని చూసి ఆగారు.

"జనం తోసే కారు!" అన్నారాయన కదిలిపోయి. "పొగ ఎంత?"

వెంటనే ఆయన వెంట ఉన్న కాలుష్య తనిఖీ అధికారి మా కారు పొగగొట్టంలో తన మిషను గొట్టం దూర్చాడు. చాలాసేపు చూశాడు. ఉద్యోగం పోతుందని భయపడేవాడిలా ఉన్నాడు.

"సున్నా సార్. అన్నీ సున్నాలే."

ఇంజను ఆగిపోయి ఉందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. సింహాద్రిగారు నా కాలు తొక్కారు. మంత్రిగారు నా చెయ్యి పట్టుకుని కెమెరాల వైపు తిప్పారు. మర్నాడు పేపర్లో మంత్రిగారి పక్కన నోరు తెరుచుకుని ఉన్నది నేనే. కింద 'ఆనందంతో మాటరాని ఇంజనీరు' అని వేశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దేశంలోనే మొదటి పొగలేని పెట్రోలు కారును కూడలిలో దిమ్మె మీద ప్రతిష్ఠించాలి. రికార్డు చెడిపోతుంది కనుక దాన్ని ఇకపై స్టార్టు చేయకూడదు.

కనకలత ఆ ఉత్తర్వు చదివింది. తాళాల గుత్తి నుంచి కారు తాళం తీసి నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు చాలా గర్వంగా ఉండాల్సింది. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

ప్రతిష్ఠ రోజున కనకలత, గున్నమ్మగారు ముందు వరసలో కూర్చున్నారు. గున్నమ్మగారిని ఆటోలోకి ఎక్కించడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది. మంత్రిగారు తెర లాగారు. దిమ్మె మీద మా కారు, బానెట్ కిటికీలోంచి నా పలక మెరుస్తోంది. సింహాద్రిగారు మైకు అందుకుని తదుపరి లక్ష్యం జిల్లాలోని అంబులెన్సులని ప్రకటించారు.

మంత్రిగారు నా వైపు తిరిగారు. "ఇంజనీర్ సాబ్, అన్ని అంబులెన్సులనూ ఈ స్థాయికి తేగలరా?"

సభంతా నన్నే చూస్తోంది. కొత్త శాలువా ఒకటి అప్పుడే భుజం మీద పడింది.

"ఒక్క నెల చాలు సార్," అన్నాను. "అన్నిటినీ నిలబెట్టేస్తాను."

హర్షధ్వానాల మధ్య గున్నమ్మగారు కనకలత భుజం పట్టుకుని మెల్లగా లేచారు.

"పదమ్మా, నడుద్దాం," అన్నారు. "ఇప్పట్నించే అలవాటు చేసుకోవాల."