కవరు తీయని డ్రైవరు

మండపేటలో సత్తి భాస్కరరెడ్డి అమ్మకానికి పెట్టిన పికప్ బండికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండినా, షోరూంలో వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయకపోవడం వల్ల సీట్లూ పాతబడలేదు, ఆ కవరు కిందే కూర్చున్న డ్రైవరూ పాతబడలేదు. ఇందులో వింతపడాల్సింది ఏమీ లేదు. కవరు తీయనంతకాలం ఏదైనా కొత్తదేనని మన ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

బండి చూడటానికి నూకరత్నం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కడియం దగ్గర మొక్కల నర్సరీ ఆవిడది. యాభై రెండేళ్ళ మనిషి, భర్త సూర్యచంద్రం పోయి మూడేళ్ళయింది. ఆయన నడిపిన పాత బండి కిందటి వారం ఇరుసు విరిగి నడిరోడ్డు మీద కూలబడి, ఇక లేవనని మొండికేసింది. కాకినాడలో కొత్తగా లేస్తున్న కాలనీకి వారంలోగా మొక్కలు చేర్చాలి. అందుకని ఆవిడకు బండి కావాలి, అదీ మంచి బండి.

"సింగిల్ హ్యాండ్ బండండి, ఓనరొక్కరేనండి," అన్నాడు బ్రోకరు వెంకన్నబాబు, బానెట్ మీద చెయ్యి వేయబోయి, రెడ్డిగారి చూపు చూసి వెనక్కి తీసుకుంటూ. "నలభై ఒక్క కిలోమీటర్లు. అదీ షోరూం నుంచి ఇంటికొచ్చినప్పుడు తిరిగిందేనండి. పెయింటు కంపెనీదే, టైర్లు కంపెనీవే, డ్రైవరూ కంపెనీయేనండి. ఎక్కడా టచప్ లేదు."

నూకరత్నం తలుపు తీసి చూసింది. లోపల ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. తల మీంచి మోకాళ్ళ దాకా పల్చటి కవరు. ముక్కు దగ్గర గాలాడటానికి కంపెనీవాళ్ళే రెండు చిల్లులు పెట్టారు.

"నీ పేరేంటి బాబూ?"

"పోసిబాబండి."

"ఎంతసేపయింది కూర్చుని?"

"అయ్యగారు కండువా తెచ్చుకుంటానని లోపలికెళ్ళారండి. వచ్చేత్తారండి."

కండువా భుజాన వేసుకుని పక్కనే నిలబడ్డ భాస్కరరెడ్డి తల వంచుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కోడిగుడ్లు తోలడానికి ముచ్చటపడి కొన్న బండి అది. మొదటి రోజు పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలింది, కాయ చితికి రసం టైరు మీద చిందింది. అంత కొత్త టైరు మీద మరక చూసేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది. గుడ్డ తెచ్చి తుడిచి, రేపు తీద్దాంలే అని షెడ్డులో పెట్టించాడు. గుడ్లు ఆ రోజు నుంచీ అద్దె బండిలోనే వెళ్తున్నాయి. బండిని మాత్రం రోజుకి రెండుసార్లు స్వయంగా తుడిచాడు. పోసిబాబుకి వేళకి కొబ్బరినీళ్ళు స్ట్రా వేసి పట్టాడు, పండక్కి బూరెలు చిదిపి నోట్లో పెట్టాడు.

"మనసొప్పలేదమ్మా," అన్నాడాయన. "ఇప్పుడు చూపు మందగించింది. దుమ్ము పడ్డా కనపట్టం లేదు. కనిపెట్టుకుని చూసుకునేవాళ్ళ చేతిలో పెడదామని."

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "రెడ్డిగారూ, మనిషండీ వాడు! ఎదిగిన కుర్రాణ్ణి ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టేసి కూర్చోబెట్టారా? పాపం కాదూ?"

"పాడు చెయ్యలేదు కదమ్మా. చూడండి, ఒక్క వెంట్రుకైనా నెరిసిందా?"

నిజంగానే ఒక్కటీ నెరవలేదు. ఆవిడ పోసిబాబు వైపు వంగి, నీకేం కావాలిరా అని అడిగింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"సముద్రం చూడాలండి. మొదటి ట్రిప్పు కాకినాడన్నారండి. రామచంద్రపురం మీంచి రోడ్డంతా మనసులో పెట్టుకున్నానండి. గేర్లు కూడా రోజూ మనసులోనే ఏత్తన్నానండి, మర్చిపోకుండా."

"నేనూ కాకినాడకే వెయ్యాలి బండి," అంది నూకరత్నం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. "నా చేత్తో నీ కవరు చించేస్తాను. సముద్రం చూపిస్తాను. ఇది నా మాట."

బేరం అక్కడికక్కడే తెగింది. పేరు మార్పిడికి మర్నాడు రవాణా ఆఫీసుకి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు నెమ్మదస్తుడు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు సరిచూసి, కాగితం తిప్పి డ్రైవరు వివరాల దగ్గరకు వచ్చాడు. చెప్పులు తీయించి అడుగు అరుగుదల కొలిచాడు. ఒకసారి నవ్వమన్నాడు, ఒకసారి కోప్పడమన్నాడు. రెండోది పోసిబాబుకి చేతకాలేదు. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా రాసుకున్నాడు. మోకాళ్ళు: అరుగుదల లేదు. నవ్వు: కంపెనీదే, గీతలు లేవు. కోపం: సీలు విప్పలేదు. ఆశ: పనిచేయుచున్నది.

"కవరు తీశాక బండీ మనిషీ అందరిలాగే అరుగుతారమ్మా," అన్నాడు సంతకానికి కాగితం జరుపుతూ. "ఆ తర్వాత ఆఫీసుకి సంబంధం లేదు. ఇలాంటి పీసు మళ్ళీ దొరకదు, ఆలోచించుకోండి."

"అరగడానికే కదండీ పుట్టింది," అని నూకరత్నం బరబరా సంతకం పెట్టేసింది.

కడియం దాకా పోసిబాబే నడిపాడు, కవరుతోనే. పంట కాలవ పక్కన బండి సాగుతుంటే ఆ కుర్రాడు ఎవరూ అడక్కుండానే నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడకు సూర్యచంద్రం చొక్కా గుర్తొచ్చింది. మంచి సందర్భానికి తొడుక్కుంటానని కొని బీరువాలో పెట్టుకున్న తెల్ల చొక్కా. మంచి సందర్భం రాలేదు. ఆయన మట్టి కొట్టుకుపోయిన పాత బనీనుతోనే పోయాడు. ఒక్కసారైనా తొడుక్కోకపోయాడే అని ఆ రోజు ఆవిడ గుండెలు బాదుకుంది.

ఇంటికి చేరగానే చొక్కా తీసింది. అట్ట, గుండుసూదులు, పైన కవరు, అన్నీ అలాగే ఉన్నాయి.

"పొద్దున్న నీ కవరు తీశాక ఇది తొడుక్కుని బండి తియ్యి."

"ఆయ్," అన్నాడు పోసిబాబు.

తెల్లారేసరికి వాన పట్టుకుంది. నర్సరీ అంతా బురద. కూలీలు నీళ్ళోడుతున్న మొక్కల సంచులు భుజాన వేసుకుని బండి చుట్టూ నిలబడ్డారు. నూకరత్నం కత్తెర పట్టుకుని వచ్చింది. బండి తలుపు మీద ఆవిడ మొహం అద్దంలో కనపడ్డట్టు కనపడుతోంది. ఇంతలో ఒక కూలీ కాగితంపూల మొక్క ఎత్తాడు. దాని ముల్లు పెయింటుకి అంగుళం దూరంలోకి వచ్చింది.

"ఆగెహె!" అని అరిచింది ఆవిడ. ఆ అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలీలేదు.

మొక్క దింపించి, లోపలికి వంగి, పోసిబాబు మెడ దగ్గర కవరుకి కత్తెర ఆనించింది. కొన తగిలి గోరంత చిల్లు పడింది. అప్పుడు ఆ మొహం దగ్గరగా చూసింది. ఎండ తగలని మొహం, ఒక్క ముడత లేదు. ఈ కత్తెర ఆడిన క్షణం నుంచీ వీడికీ ఎండ తగులుతుంది, మోకాళ్ళు అరుగుతాయి, జుట్టు నెరుస్తుంది. ఏదో ఒక రోజు వీడూ పాత బనీనుతో నేల మీద పడుకుని ఉంటాడు. నూకరత్నం కత్తెర వెనక్కి తీసుకుంది. మనసొప్పలేదు.

"ఇవాళ బురదగా ఉంది నాన్నా," అంది. "వాన తగ్గాక తీద్దాం."

పోసిబాబు ఆవిడ వైపు చూశాడు. కోప్పడటం వస్తే అప్పుడు కోప్పడి ఉండేవాడు.

"అలాగేనండి," అన్నాడు.

ఆవిడ ఆ చిల్లుకి టేపు అంటించింది. చొక్కా మీద తుంపర పడకుండా పక్క సీటు కవరు కింద సర్దింది. అద్దె బండికి ఫోను చేసింది. అప్పటికీ పోసిబాబు స్టీరింగు మీంచి చేతులు తీయకపోవడం చూసి, "లోపలికెళ్ళి గొడుగు తెచ్చుకుంటానుండు," అని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

గొడుగు తలుపు వెనకే ఉంది. చేతిలోకి తీసుకుని బీరువాకి ఆనుకుని నిలబడింది. బయట అద్దె బండి వచ్చిన చప్పుడు, మొక్కలెక్కించిన చప్పుడు వినపడ్డాయి. ఆ బండి డ్రైవరు, గొంతుని బట్టి నడివయసు దాటినవాడు, గట్టిగా అడుగుతున్నాడు.

"కాకినాడకేనంట కదా. నువ్వు రావేంటి తమ్ముడూ?"

"అమ్మగారు గొడుగు తెచ్చుకుంటానని లోపలికెళ్ళారండి," అంది పోసిబాబు గొంతు. "వచ్చేత్తారండి."

వాన ఎప్పుడో వెలిసింది. నూకరత్నం గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.