షెడ్డు మీద కొమ్మ, నా చేతిలో రంపం

దీనికంతా మీరే కారణం. హిందూపురంలో చైన్ రంపాలు అమ్మే షాపోళ్లారా, ఫోన్లో ఐదు నిమిషాలకో మిషన్ బాగుచేసి చూపించే వీడియో బ్రహ్మల్లారా, పెనుకొండలో ఉండే మా బామ్మర్ది హనుమంతప్పా, మీరే! మీ వల్లే మొన్న మంగళవారం పట్టపగలు, నడిబజార్లో నా పరువు పోయింది.

జరిగింది చెప్తా, నిలబడి వినండి. కూచుంటే మీరు నిద్రపోతారు, నాకు తెలుసు.

మాది పరిగి పక్కన పల్లె. నా పేరు మారప్ప. మండలాఫీసు ముందర నేను బైఠాయించని నెల లేదు కాబట్టి ధర్నా మారప్ప అంటారు. నా భార్య ఈశ్వరి. ఆమె ధర్నాలు చేయదు. ఒకసారి చూస్తుంది, ఎదుటోడే దిగొస్తాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఈశ్వరి రేషం పురుగులు, అదే పట్టుపురుగులు, పెంచుతుంది. ఈసారి రెండొందల గుడ్ల పంట; మా లెక్కలో ఒక గుడ్డంటే నాలుగైదొందల పురుగు. పసిబిడ్డకు పెట్టినట్టు ఇన్ని రోజులూ మల్బరీ ఆకు పెట్టింది. ఇంకొక్క పూటో రెండు పూటలో ఐతే పురుగు పండి గూడు కడుతుంది. సరిగ్గా అప్పుడే, సోమవారం సాయంత్రం గాలికి షెడ్డు పక్కన కానగచెట్టు కొమ్మ పగిలింది. పూర్తిగా విరిగినా బాగుండేది. ఎద్దంత కొమ్మ బెరడు పట్టుకొని షెడ్డు నడినెత్తిన వేలాడుతోంది. పడితే రేకులతో పాటు పురుగంతా నజ్జు. మార్చుదామంటే, పండబోయే పురుగును కదిలిస్తే సరిగా గూడు కట్టదు.

పొద్దున ఏడుకు ఈశ్వరి తలెత్తి చూసింది. కొమ్మ కిర్రుమంది.

"మా తమ్మునికి ఫోన్ చేస్తా. చెట్లు కొట్టేది వాని పనే కదా."

"వాడు ఈడికొస్తే నేనింట్లో ఉండను!"

"పోయేటప్పుడు ఆ కొమ్మ కూడా ఎత్తుకోని పో."

హనుమంతప్ప మీద నాకు ఊరికే కోపం రాలేదు. రెండేండ్ల కిందట ధర్మవరంలో బంధువుల పెళ్లి. వంటకు కట్టెలు నేను గొడ్డలితో కొడుతున్నా. ఆ హనుమంతప్ప తన రంపం మిషన్ తెచ్చి, రెండు నిమిషాల్లో కుప్ప పోసి, "బావా, నువ్వు మైకు పట్టుకో, కట్టెలు నేను చూసుకుంటా" అన్నాడు. పెళ్లంతా నవ్వింది. ఈశ్వరి అందరికంటే ఎక్కువ నవ్వింది. పీటల మీదున్న పెళ్లికొడుకు కూడా నవ్వినాడు, వానికి నా సంగతేం తెలుసు?

అందుకే రెండు నెలల కిందట హిందూపురంలో ఒక పాత చైన్ రంపం గుట్టుగా కొన్నా. ఎప్పుడో ఒకరోజు అవసరం వస్తుంది, హనుమంతప్ప సాయం లేకుండా నేనే కోసి పారేస్తా, ఈశ్వరి నోరు తెరుచుకొని చూస్తుంది. ఇదీ నా పథకం. వాసన రాకుండా ట్యాంకు ఖాళీ చేసి, సబ్బుతో తుడిచి, షెడ్డులోనే కింది అర వెనక గోనెపట్ట కప్పి దాచినా.

ఆ రోజు వచ్చింది. గోనెపట్ట యాడికి పోయిందో ఆలోచించే తీరిక లేదు, పైన దుమ్ము తుడిచి రంపం బయటికి తీసినా.

"యాడిదిది?" అంది ఈశ్వరి.

"అమరాపురం తిప్పన్నది. అడిగి తెచ్చినా."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్నంతా ఆఫీసు మెట్ల మీద పడుకోనుంటివి కదా."

"ఆడికే తెచ్చిచ్చినాడు."

ఆమె నన్ను ఒకసారి చూసింది. నాకు కొమ్మ కిర్రుమన్నప్పటి కంటే అప్పుడే ఎక్కువ భయమేసింది.

పెట్రోలులో ఆయిల్ కలిపి పోసినా. తాడు పదకొండుసార్లు లాగితే లేచింది. గుర్రుగుర్రుమని చక్కగా తిరుగుతోంది. ఎక్సలేటరు నొక్కినా. గొంతు పైకి లేవాలి కదా? లేవదు. ఎత్తెక్కలేని పాత బస్సు మాదిరి ఊ... ఊ... అని మూలుగుతోంది. ఒక కట్టెకు ఆనించి చూస్తే, ఆ పండ్లు కొరకడం లేదు, నాకుతున్నాయి. పైగా నల్లటి పొగ.

"ఆపు! ఆపయ్యా! రేషం షెడ్డు ముందర పొగ పెడతాండావా? పురుగు సచ్చిపోతాది!"

ఈశ్వరి పరుగున పోయి కిటికీల తెరలు దించింది. నన్నూ రంపాన్నీ కలిపి కల్లం అవతలికి తరిమింది.

షాపుకు ఫోన్ చేసినా. "చైన్ బ్రేకు పడిందేమో చూడన్నా" అని పెట్టేసినాడు. చూసినా, బ్రేకు పడలేదు. వీడియో పెట్టినా. ఎవరో మహానుభావుడు పక్కనున్న స్క్రూను పావు చుట్టు తిప్పమన్నాడు. పావు వంతు పనులతో ఈ దేశంలో ఏం బాగుపడింది? మూడు చుట్లు తిప్పినా. ఇంతకుముందు మూలిగేది, ఇప్పుడు ఎక్సలేటరు ముట్టుకుంటే చాలు ప్రాణం వదిలేస్తోంది.

బలం చాల్లేదేమోనని ఇంకో డబ్బా ఆయిల్ పోసినా. పొగ రెండింతలైంది, బలం అంతే. ప్లగ్గు విప్పి ఈశ్వరి పండ్లు తోముకునే బ్రష్షుతో రుద్దినా. ఆ ముక్క ఆమెకింకా తెలియదు, మీరూ చెప్పొద్దండి.

పదకొండు దాటింది. గాలి లేచింది. కొమ్మ ఒక జానెడు కిందికి దిగింది. దాని చివర రేకు మీద టంగుమని తగిలింది. నేను కల్లంలో, ఈశ్వరి షెడ్డు వాకిట్లో, ఇద్దరం ఎక్కడోళ్లం అక్కడే బిగుసుకుపోయినాం. లోపల పురుగు ఆకు నమిలే చప్పుడు మాత్రం సన్నవాన మాదిరి వినిపిస్తానే ఉంది. పాపం, వాటికేం తెలుసు.

"ఇది ఆట కాదయ్యా," అంది ఈశ్వరి. "అవి నా పురుగులు."

అదే సమయానికి ఆమె ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆమె దాని వైపు కూడా చూడలేదు. నా దగ్గరికి వచ్చి రంపం మీద చెయ్యి పెట్టింది.

"నీ తప్పేముంది? ఆ షాపోడు చెడిపోయిన మిషన్ అంటగట్టినాడు. రైతులను ఇట్లా ముంచుతాంటే నువ్వు కూడా అడక్కపోతే ఇంకెవరడుగుతారు?"

నాకు అప్పుడే అనుమానం రావల్సింది. పదహారేండ్ల కాపురంలో 'నీ తప్పేముంది' అన్న మాట ఆమె నోట మొదటిసారి విన్నా. మిషన్ తిప్పన్నదని నేను చెప్పింటే, షాపోడు నాకెట్లా అంటగడతాడని కూడా నాకు తోచలేదు. నా రక్తం ఉడికింది. రంపం బండికి కట్టి హిందూపురం పోయినా.

షాపు మెట్ల మీద రంపం ఒళ్లో పెట్టుకొని బైఠాయించినా. "రైతును ముంచే రంపాలు... నశించాలి!" పది మంది పోగైనారు. నన్నెరిగిన ఒకాయన నాతో కలిసి గట్టిగా అందుకున్నాడు.

లోపలి నుంచి మెకానిక్ భారతి వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవరు. "అన్నా, ఏమైతాంది మిషన్‌కు?"

"స్పీడు అందుకోవడం లేదు! ఇది మోసం!"

"మెల్లగా తిరుగుతాది, నొక్కితే పొగొచ్చి పడిపోతాది, అంతే కదా? దానికి గాలి ఆడతా లేదన్నా."

మూత తీసింది. ఎయిర్ ఫిల్టరు బయటికి లాగి మెట్టుకు కొట్టింది. తెల్లటి పొడి మేఘం మాదిరి లేచి నా ఎర్ర కండువా మీద, మీసాల మీద, నినాదమిస్తూ తెరిచిన నోట్లో పడింది.

"ఇది సున్నమన్నా. యాడ పెట్టినావు దీన్ని?"

"ఇంట్లోనే."

"మీ ఇంట్లో సున్నం వాన పడతాదా?"

గుంపులో ఒక ముసలి రైతు నవ్వు ఆపుకోలేక అన్నాడు: "రేషం షెడ్డులో పెట్టింటాడమ్మా! పురుగు తోలు విడిచేటప్పుడు తిండి మాని జొరానికి కూచుంటాది కదా, అప్పుడు పడక ఆరాలని సున్నం చల్లుతాం. నాలుగు జొరాల సున్నం ఈ రంపమే తినింది!"

నాతో నినాదమిచ్చినాయనే ఇప్పుడు "సున్నం మారప్ప జిందాబాద్" అన్నాడు.

భారతి ఫిల్టరును సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి బిగించింది. "ఈ స్క్రూ ఎవరు తిప్పినారు?" అంది. "వీడియో" అన్నా. దాన్నీ సరిచేసి, పెట్రోలు మార్చి, తాడు లాగి నొక్కింది. రంపం గర్జించింది! ఎదురు మేడ మీది పావురాలన్నీ లేచిపోయినాయి. నేను కూడా లేచి బండెక్కినా. దావ పొడుగునా ఎదురుగాలి. కొమ్మ పడిపోయిందేమో, పడిపోయిందేమో అనుకుంటానే బండి తోలినా.

ఇంటికొచ్చి తలెత్తి చూస్తే కొమ్మ లేదు. షెడ్డు ఉంది. రేకు ఒక్కటి కూడా చెక్కు చెదరలేదు. కొమ్మ మూడు ముక్కలై గోడవారగా పడి ఉంది. దాని మీద మా హనుమంతప్ప కూచొని మజ్జిగ తాగుతున్నాడు.

"ఏం బావా, ధర్నా బాగా జరిగిందా?"

"నీ మిషనేదప్పా?" అన్నా, ఇంకేం అనాలో తోచక.

"రేషం షెడ్డు కాడ పెట్రోలు మిషన్ ఎవరు తెస్తారు బావా? తాళ్లు కట్టి చేతిరంపంతో మెల్లగా దించినా. పొద్దున నువ్వు మిషన్ తాడు లాగుతాంటేనే అక్క ఫోన్ చేసిండె. ఊరి బయటికొచ్చి మిస్డ్ కాల్ ఇచ్చినా."

ఈశ్వరి వైపు తిరిగినా. "అంటే నన్ను కావాలనే పంపించినావా?"

"నువ్వుంటే వాణ్ని చెట్టెక్కనిస్తావా?"

"మరి ఈ రంపం..."

"నువ్వు దాచిన రోజే చూసినా. దాని మీద గోనెపట్ట ఆకు మీద కప్పేదానికి కావల్సొచ్చి తీసుకున్నా. అప్పట్నుంచి సున్నం చల్లినప్పుడల్లా దాని మీద పడతానే ఉండాది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాంటి."

"సున్నం పడతాందని చెప్పొచ్చు కదా!"

"రంపం కొన్నానని నువ్వు చెప్పినావా?"

హనుమంతప్ప మజ్జిగ గ్లాసులో ముఖం దాచుకున్నాడు. నాకు ఒక్కటే దారి కనపడింది. "అది సరే, ఇప్పుడు దీని స్పీడు చూడండి" అని తాడు పట్టుకున్నా.

"ముట్టుకోవద్దు!" అని అక్కా తమ్ముడూ ఒకే గొంతుతో అరిచినారు.

ఈశ్వరి షెడ్డు వాకిలి ఓరగా తెరిచి చూసింది. లోపల నమిలే చప్పుడు ఆగిపోయింది. పురుగులు తలలు పైకెత్తి ఊపుతున్నాయి, ఒళ్లు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఆమె కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ కండ్లతోనే నా వైపు తిరిగింది.

"పురుగు పండింది. పొద్దుగూకే లోపల అంతా ఏరి, గూడు కట్టేదానికి వెదురు చంద్రికలకు ఎక్కించల్ల. ఆ మిషన్‌ను కల్లం అవతల పెట్టు. గుడ్డలు మార్చు. పెట్రోలు వాసన పొయ్యేదాకా చేతులు రెండు తూర్లు సబ్బుతో కడుగు. వచ్చి మా తమ్ముని పక్కన కూచోని పురుగు ఏరు. నినాదాలొద్దు. ఇప్పుడే!"